ఇది అసలు కాదమ్మా, ట్రయల్

పద్మనాభం గారు రిహార్సల్ లేకుండా ఏ పనీ చేయరు. ఏ పనీ అంటే ఏ పనీ. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏ తెలుగువాళ్ళని కదిపినా ఈ మాటే చెబుతారు, చెప్పేముందు ఒకసారి తమలో తాము నవ్వుకుంటారు. శ్రీవిద్య మాత్రం నవ్వదు. ఒకప్పుడు నవ్వేది. ఇది ఆవిడ వైపు నుంచి చెప్పుకునే సంగతి కాబట్టి మధ్యమధ్య కాస్త చేదు తగులుతుంది, ఓర్చుకోవాలి.

పద్మనాభం గారు ముప్ఫై మూడేళ్ళపాటు ఒక కార్ల కంపెనీలో కార్లని గోడకేసి కొట్టే ఉద్యోగం చేశారు. హాస్యానికి కాదు, నిజంగా అదే ఉద్యోగం. సీట్లో మనిషంత బొమ్మని కూర్చోబెట్టి, బెల్టు బిగించి, కారుని గోడకి గుద్దించి, బొమ్మకి ఎక్కడెక్కడ విరిగిందో కాగితం మీద రాసుకోవడం. "ముందు బొమ్మ కూర్చోవాలి, తర్వాతే మనిషి" అన్నది ఆయన వేదాంతం. రిటైరయ్యాక చేతికింద బొమ్మలు లేకుండా పోయాయి. చుట్టూ ఉన్న మనుషులతోనే సరిపెట్టుకుంటున్నారు.

కూతురి పెళ్ళికి వారం ముందు హాలు బుక్ చేసి మరీ అప్పగింతల రిహార్సల్ పెట్టారు. ఆయన భార్య చాముండేశ్వరి గారు ఆ రోజు పిల్లని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. ఈయన స్టాప్‌వాచ్ చూసి, "నాలుగు నిమిషాలు. అవతల కారు వెయిటింగ్. ఫెయిల్" అన్నారు. తీరా అసలు పెళ్ళినాడు ఆవిడ కంట ఒక్క చుక్క రాలేదు. "ఉన్న ఏడుపంతా ట్రయల్‌కే అయిపోయింది. ఆ వీడియో చూస్తే పిల్లని సాగనంపుతున్నానో, బస్సు కోసం నిలబడ్డానో తెలీదు" అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు.

డెబ్బయ్యో పుట్టినరోజుకి స్నేహితులంతా కలిసి సర్‌ప్రైజ్ పార్టీ అనుకున్నారు. ఎలాగో ఆయన చెవిన పడింది. చిన్నబుచ్చుకుంటారేమో అనుకుంటే, "రిహార్సల్ లేకుండా సర్‌ప్రైజ్ ఏమిటయ్యా, గందరగోళం అయిపోదూ!" అంటూ ముందురోజే అందరినీ పిలిపించారు. తనే బయటికి వెళ్ళి, తలుపు తీసుకుని లోపలికొచ్చి ఆశ్చర్యపోయారు. మూడుసార్లు. మొదటి రెండు ఆశ్చర్యాలనీ తానే ఫెయిల్ చేసుకున్నారు.

ఆయన దగ్గర పాసైన మనిషి లేడు. ప్రతి రిహార్సల్ చివరా జేబులోంచి చిన్న పుస్తకం తీసి తప్పులు చదువుతారు, ఒక్కొక్కరినీ పేరుపేరునా ఫెయిల్ చేస్తారు, ఆ తర్వాత భుజం తట్టి, "ఏం ఫర్వాలేదు, ఇది అసలు కాదమ్మా, ట్రయల్" అంటారు.

ఆయన కింద ఒక శనివారం నడక బృందం ఉంది. ఆయన, చాముండేశ్వరి గారు, వరంగల్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడి రిటైరైన డాక్టర్ దివాకర్ గారు, వారి భార్య దమయంతి గారు, వీళ్ళందరిలోకీ చిన్నది శ్రీవిద్య. ఆవిడకి ముప్ఫై ఎనిమిది. కార్లలో వాడే సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం, ఒక్కతే అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. జనవరిలో ఒక శనివారం కాఫీ దగ్గర పద్మనాభం గారు బాంబు పేల్చారు.

"జూన్‌లో అల్బేనియా వెళ్తున్నాం. ఐదుగురం. కొండలు, ట్రెక్కింగ్, తొమ్మిది రోజులు."

"అల్బేనియానా? గదెక్కడుంటది?" అన్నారు దివాకర్ గారు.

"గ్రీసు పక్కన. స్విట్జర్లాండ్ వెళ్తే ఏముందండీ, రోప్‌వేలో మన పక్కింటివాళ్ళే కనపడతారు. అల్బేనియాలో ఒక్క తెలుగువాడు తగిలితే నా పేరు మార్చుకుంటా."

అసలు కారణం ఆగ్రోన్. ఆయనతోపాటు ఇరవై ఏళ్ళు కార్లు గుద్దించిన అల్బేనియా మనిషి, ఇక్కడికి అరగంట దూరంలోనే ఉంటాడు. రోజూ లంచ్‌లో తన ఊరి కొండల గురించి చెప్పేవాడట. వల్బొనా అనే ఊరి నుంచి కొండ కనుమ దాటి థేత్ అనే ఇంకో ఊరికి రోజంతా నడక. దారిలో పొడుగాటి సరస్సు మీద పడవ.

శ్రీవిద్య అందరికంటే ముందు చేయెత్తింది. అది చిన్న విషయమేం కాదు. ఎందుకంటే ఆవిడకి వెళ్ళడానికి అడ్డు లేదు, తిరిగి రావడానికే అడ్డు. పన్నెండేళ్ళుగా హెచ్‌-వన్‌ వీసా మీద ఉంది. ఉద్యోగానికి కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి గానీ పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు తీరి నాలుగేళ్ళయింది. ఒకసారి దేశం దాటితే మళ్ళీ స్టాంపు కొట్టించుకుంటేనే రానిస్తారు. ఆ స్టాంపుకి బయటి దేశంలో అమెరికన్ కాన్సులేట్‌లో డేట్ దొరకాలి. అప్పటికే ఒకటి దొరికి ఉంది. ఆ ధైర్యంతోనే చేయెత్తింది.

ఆవిడ కోరికేమంత గొంతెమ్మ కోరిక కాదు. ఒక్కసారి ఈ దేశం దాటి, ఏదో ఒక కొండెక్కి, తిరిగొచ్చి, తన ఇంటి తాళం తనే తీసుకోవాలి. అంతే. చెల్లెలి పెళ్ళి ఫోన్ తెరమీద చూసింది. స్నేహితులు మెక్సికోలో కాన్‌కూన్ వెళ్తే ఇంట్లో కూర్చుని వాళ్ళ పిల్లికి తిండి పెట్టింది. ఆ పిల్లి పాస్‌పోర్ట్ కూడా ఆవిడ దానికంటే మెరుగ్గా ఉండి ఉంటుంది.

ఫిబ్రవరి రెండో వారంలో ఆ డేట్ కాస్తా మరుసటి ఏడాదికి జరిగిపోయిందని మెయిల్ వచ్చింది. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు "అయ్యో" అంటారు. తర్వాత "మరి గ్రీన్‌కార్డ్ ఎక్కడిదాకా వచ్చింది?" అంటారు. ఆ తర్వాత వాళ్ళ బావమరిదికి ఎంత త్వరగా వచ్చిందో చెబుతారు. అదంతా వినే ఓపిక ఆవిడకి లేదు. చివర్లో ఏదో ఆఫీస్ పని వంక పెట్టి తప్పుకుందాంలే అనుకుని ఊరుకుంది. అదే ఆవిడ చేసిన పొరపాటు. ఊరుకుంటే పద్మనాభం గారి రిహార్సల్స్ అన్నింటికీ హాజరు కావాలి కదా!

మొదటిది మెట్ల రిహార్సల్. మంచు తగ్గలేదు కాబట్టి మాల్‌లో. ఒక్కొక్కరి వీపు మీదా పది పౌన్ల సోనామసూరి బస్తా. ఎస్కలేటర్ పక్కన మెట్లెక్కి దిగి, ఎక్కి దిగి. సెక్యూరిటీవాడు వచ్చి, "మీరంతా క్షేమమేనా?" అని అడిగాడు. దమయంతి గారు రొప్పుతూ, "మేం అల్బేనియాలో ఉన్నం బాబూ" అన్నారు. వాడు అంబులెన్స్‌ని పిలవబోయాడు.

రెండోది తల రిహార్సల్. అల్బేనియాలో పాతకాలం మనుషులు తల కిందికీ పైకీ ఊపితే కాదని, అడ్డంగా ఊపితే అవునని ఆగ్రోన్ చెప్పాడు. ఇక చూసుకోండి. పద్మనాభం గారి డైనింగ్ టేబుల్ దగ్గర గోంగూర అన్నం పెట్టి, "ఇంకాస్త వడ్డించనా?" అని అడగడం, వీళ్ళు తల ఊపడం. దివాకర్ గారు అలవాటుగా వద్దని తల అడ్డంగా ఊపినప్పుడల్లా ఆయన అవునన్నట్టు లెక్కేసి గరిటెడు వేశారు. నాలుగోసారికి దివాకర్ గారు బెల్టు వదులు చేసుకుని, "నన్ను చంపుతవా ఏంది?" అని లేచిపోయారు.

"ఫెయిల్" అన్నారు పద్మనాభం గారు. శ్రీవిద్యా ఫెయిలే. అందరూ పడీ పడీ నవ్వారు. ఆవిడా నవ్వింది గానీ లోపల ఒకటే మంట. వీళ్ళకి రిహార్సల్ తర్వాత అసలుది ఉంది. తనకి లేదు. అసలు లేనిదానికి ఈ రిహార్సల్ ఎందుకమ్మా అంటే, సమాధానం చెప్పుకోలేక మళ్ళీ శనివారం వచ్చేది.

మార్చిలో ఎయిర్‌పోర్ట్ రిహార్సల్. అదీ తిరుగు ప్రయాణంది. "అందరూ డెట్రాయిట్‌లో దిగారు. నేను ఆఫీసర్‌ని. పాస్‌పోర్ట్‌లు తెచ్చుకున్నారుగా?" టై కట్టుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. అమెరికాలో, పద్మనాభం గారింటి హాల్లో కూడా ఆ క్యూలో నిలబడక తప్పలేదు శ్రీవిద్యకి. అసలు పాస్‌పోర్ట్ ఎందుకు తెచ్చిందో ఆవిడకే తెలీదు. మర్చిపోయానంటే సరిపోయేది.

"ఎందుకు వెళ్ళారు?" అని దివాకర్ గారిని అడిగారు.

"మా ఆవిడ పోదామన్నది."

"ఫెయిల్. బ్యాగ్‌లో తినేవి ఏమైనా ఉన్నాయా, మేడమ్?"

"ఏం లేవన్నా. కొంచెం మామిడికాయ తొక్కు, అంతే" అన్నారు దమయంతి గారు.

"ఫెయిల్! పోతున్నప్పుడు తీసుకెళ్తే ఒక అర్థం ఉంది, వస్తున్నప్పుడు కూడానా?"

చాముండేశ్వరి గారు ఆఫీసర్‌ని చూసి, "టై మీద సాంబారు మరక" అన్నందుకు ఫెయిలయ్యారు. తర్వాత శ్రీవిద్య. ఆయన పాస్‌పోర్ట్ తీసుకుని పేజీలు తిప్పారు. ఒక పేజీ దగ్గర ఆగారు. కళ్ళజోడు పైకి నెట్టి, మళ్ళీ దించి, ఇంకోసారి చూశారు. పాస్‌పోర్ట్ మూసి చేతికిచ్చి, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, "పాస్" అన్నారు.

"హవ్వ! నలభై ఆరేళ్ళ కాపురంలో ఈయన నోట ఆ మాట వినడం ఇదే" అన్నారు చాముండేశ్వరి గారు. దివాకర్ గారు చప్పట్లు కొట్టారు. శ్రీవిద్య పాస్‌పోర్ట్ బ్యాగ్‌లో పెట్టేసుకుంది, ఆయన చూడలేదులే అనుకుంది. మనిషికి కళ్ళజోడు మార్చాల్సిన టైమొచ్చింది అనుకుంది.

కానీ అప్పట్నుంచి అంతా తిరగబడింది. నడకలో ఆవిడ వెనకబడితే పాస్. టెంటు తలకిందులుగా వేస్తే పాస్. బురదలో జారి కూర్చుంటే, "బాగా కూర్చున్నావమ్మా, పాస్" అన్నారు. దివాకర్ గారు లబలబలాడారు. "నేను నిలబడ్డా ఫెయిల్, ఆ పిల్ల పడ్డా పాసా! ఇదేం న్యాయం పద్మనాభం?" ఆయన పుస్తకం జేబులో పెట్టుకుని పైకి చూశారు.

మే నెలాఖరులో ఫైనల్ రిహార్సల్ అన్నారు. మామూలుది కాదు, నాలుగు రోజులది. మిషిగన్ ఉత్తరాన పెద్ద వంతెన దాటి, పదిగంటలు డ్రైవ్ చేసి, పోర్క్యుపైన్ మౌంటెన్స్‌కి. గైడుగా ఆగ్రోన్ వచ్చాడు, ఐస్‌ బాక్సు నిండా వాళ్ళావిడ చేసిన బ్యూరెక్‌లు తెచ్చాడు. పల్చటి రొట్టె పొరల మధ్య పాలకూర, చీజ్ పెట్టి కాల్చినవి. పద్మనాభం గారు అట్టముక్కల మీద వల్బొనా, థేత్ అని రాసి, చెట్లకి కట్టకూడదన్నారని రోజంతా మెడలో వేసుకుని తిరిగారు. ఒక పడవ అద్దెకి తీసుకుని, "ఇదే ఆ సరస్సు, ఇదే ఆ పడవ" అని నిలబడి ప్రకటించారు. పడవ ఊగింది, కూర్చోబెట్టారు.

మూడోరోజు పొద్దున కొండెక్కి లేక్ ఆఫ్ ది క్లౌడ్స్ పైన నిలబడ్డారు. కింద లోయంతా అడవి, మధ్యలో నల్లగా మెరుస్తూ సరస్సు. కొత్త చిగుళ్ళ వాసన. ఈగలు చెవుల్లో దూరుతున్నాయి గానీ ఎవరికీ పట్టలేదు. శ్రీవిద్య కొద్దిసేపు అన్నీ మర్చిపోయింది. స్టాంపు మర్చిపోయింది, డేట్ మర్చిపోయింది. హాయిగా ఉంది. పక్కనే ఆగ్రోన్ బ్యూరెక్ తింటూ అమాయకంగా ఇంగ్లీషులో అన్నాడు.

"బాగుందా? పద్మనాభం నాకు రెండు నెలల ముందే చెప్పాడు. ఒక అమ్మాయికి అల్బేనియా రావడానికి వీల్లేదట, అందుకని కొండని ఇక్కడికే తెచ్చి చూపించాలి అన్నాడు."

అంతే. నాలుగు నెలల మంట ఒక్కసారి పైకి లేచింది.

"మీకు తెలుసా అంకుల్?"

పద్మనాభం గారు మెడలో 'థేత్' అట్టతో నిలబడి నేల చూపులు చూశారు. "ఆ రోజు పాస్‌పోర్ట్‌లో…"

"తెలిసి, జాలిపడి, పాస్ పాస్ అని చాక్లెట్లు పంచారన్నమాట. నేనేమన్నా చంటిపిల్లనా? ఇదంతా నాకు బదులుగా చూపిస్తున్న బొమ్మల కొలువా?" ఆయన మెడలోని అట్టకేసి వేలు చూపింది. "మీ బొమ్మ గుర్తుందా అంకుల్, కార్లో కూర్చోబెట్టి గోడకి కొట్టేది? నేను అదే. అన్ని ట్రయల్స్‌కీ కూర్చోబెడతారు. రోడ్డు మీదకి మాత్రం ఎప్పటికీ తీసుకెళ్ళరు. ఈ దేశమూ అంతే, మీరూ అంతే."

దివాకర్ గారు బిగించి ఉన్న బూటు లేసులే మళ్ళీ బిగించుకున్నారు. పద్మనాభం గారు నోరు తెరిచి, అలవాటుగా, "ఇది అసలు కాదమ్మా…" అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయారు. రిహార్సల్ లేని మాట ఆయనకి రాదు. తిరుగు ప్రయాణంలో పదిగంటలూ కార్లో వినిపించింది జీపీఎస్ ఒక్కటే.

ఆవిడ శనివారాలు మానేసింది. గ్రూప్ మ్యూట్ చేసింది. జూన్‌లో వాళ్ళు నలుగురూ విమానం ఎక్కిన రోజు ఆఫీస్‌లో కూర్చుని ఒకరి కోడ్‌లో ముప్ఫై తప్పులు పట్టి ఫెయిల్ అని రాసి పంపింది. కాస్త హాయనిపించింది. ఇంటికొచ్చాక అదీ పోయింది.

తొమ్మిది రోజుల తర్వాత ఆదివారం సాయంత్రం తలుపవతల అలికిడైంది గానీ బెల్ మోగలేదు. శ్రీవిద్య తలుపు కంతలోంచి చూసింది. బయట పద్మనాభం గారు. వేలు బెల్ దాకా తీసుకెళ్ళి, దించి, నమస్కారం పెట్టి, ఏదో గొణుక్కుని, తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదట్నుంచి చేస్తున్నారు. వెనక చాముండేశ్వరి గారు చేతిలో గిన్నెతో నిలబడి ఉన్నారు. మూడోసారి ఆవిడకి ఓపిక పోయి తనే బెల్ నొక్కేశారు.

"కార్లో ఐదుసార్లు చేశారమ్మా దీన్ని. నా ప్రాణం తీశారు. ఇదిగో బిసిబేళా బాత్, ముందు ఫ్రిజ్‌లో పెట్టు" అంటూ లోపలికొచ్చేశారు.

పద్మనాభం గారు సోఫా అంచున కూర్చుని పుస్తకం తీశారు. ట్రిప్ ఎలా జరిగిందని శ్రీవిద్య అడగలేదు. అడక్కపోయినా చదవడం మొదలుపెట్టారు.

"అల్బేనియా రివ్యూ. మొత్తం తప్పులు నలభై మూడు. మూడు రోజులు వాన, కనుమ దారి మూసేశారు, ఎక్కలేదు. పడవలో దమయంతి గారికి వాంతులు. గెస్ట్‌హౌస్ బామ్మగారు 'ఇంకా పెట్టనా?' అంటే దివాకర్ గారు ఆకలితో నిలువుగా తలూపారు, ఆవిడ ప్లేటు తీసుకుపోయారు. రాత్రి నా బ్యాగ్‌లో ఉన్న జీలకర్ర బిస్కెట్లు నాలుగూ తినేశారు."

శ్రీవిద్యకి నవ్వొచ్చింది, కానీ పెదవి బిగబట్టింది. "అయితే మీ మిషిగన్ కొండే నయమంటారు. ఆ ఓదార్పు నాకొద్దు అంకుల్."

"అది కాదమ్మా." ఆయన పేజీ వెనక్కి తిప్పారు. "ఇవి మూడు నుంచి నలభై మూడు దాకా. ఇక మొదటిది. 'ఐదుగురు రావాలి. నలుగురే వచ్చారు. ఫెయిల్.'"

ఆవిడ తలెత్తి చూసింది.

"ఆ గెస్ట్‌హౌస్‌లో ఐదు మంచాలు చెప్పాను. ఐదోది ఖాళీగానే పెట్టించాను. కొలత కావాలి కదా! మొత్తం ట్రిప్ ఫెయిల్. కాబట్టి ఇప్పుడు వెళ్ళొచ్చింది అసలు కాదమ్మా, ట్రయల్. నీ స్టాంపు రాగానే అసలుది."

"నలుగురం కలిసి విమానమెక్కి, సముద్రం దాటి చేసొచ్చిన రిహార్సల్" అన్నారు చాముండేశ్వరి గారు వంటింట్లోంచి. "దివాకర్ గారు ఒప్పుకున్నారు కూడా. ఆయనకి ఆ ప్లేటు బాకీ ఉందట."

"మరి రెండోది?" అంది శ్రీవిద్య మెల్లిగా.

పద్మనాభం గారు కళ్ళజోడు తీసి తుడిచారు. అది రిహార్సల్ చేసిన మాట కాదు, అందుకే తడబడ్డారు. "రెండోది నాది. 'శ్రీవిద్యని పాస్ చేశాను. తప్పు.' ఆ రోజు ఆ పేజీ చూశాక నోరు రాలేదమ్మా. మా టెస్టుల్లో ఫెయిలైన కారుని మళ్ళీ తెమ్మంటాం. పాసైందాన్ని ఇక చూడం. నిన్ను పాస్ చేసి పక్కన పెట్టినట్టయింది. అది నా ఉద్దేశం కాదు."

శ్రీవిద్యకి కోపం పోలేదు. నాలుగేళ్ళ కోపం ఒక పుస్తకంతో ఎలా పోతుంది? ఆ కోపం ఈయన మీద కాదని మాత్రం ఇప్పుడు స్పష్టంగా తెలిసింది.

"ఆ డేట్ మళ్ళీ జరుగుతుంది అంకుల్. ఇంకో ఏడాది, ఇంకో రెండేళ్ళు. మీకిప్పటికే డెబ్బై ఒకటి. మోకాళ్ళు చూసుకున్నారా?"

"అందుకే ఈలోగా ట్రయల్స్ ఆపకూడదు. మోకాలు అలవాటు తప్పితే కష్టం. శనివారం ఏడింటికి, హెరిటేజ్ పార్క్. బస్తా తెచ్చుకో. వస్తావా?"

శ్రీవిద్య వస్తానని తల కిందికీ పైకీ ఊపింది.

పద్మనాభం గారు సంతోషంగా పెన్ను తీశారు. "ఇన్ని నెలలు నేర్పించానా! నిలువుగా ఊపితే రానని అర్థం. ఫెయిల్!"